పెద్ద గ్రాంటుకు ముందు అడగాల్సిన అనుమతి: గుంటూరు, విజయవాడ పరిశోధకులు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడ, మంగళగిరి చుట్టుపక్కల మెడికల్ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్ళు అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌కి, అంటే ఎన్ఐహెచ్‌కి, పెద్ద గ్రాంటు కోసం అప్లై చేయాలనుకున్నప్పుడు మా గ్రాంట్స్ సెక్షన్‌కి వచ్చే ప్రశ్నలివి. అప్లికేషన్ ఎలా రాయాలో చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. అసలు పంపొచ్చా అని ముందుగా అడగాలన్న సంగతి మాత్రం ఎక్కువమందికి ఆఖరి నెలలోనే తెలుస్తుంది. అప్పటికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ముందస్తు అనుమతి అంటే ఏమిటి?

ప్రాజెక్టులో ఏ ఒక్క సంవత్సరంలోనైనా డైరెక్ట్ ఖర్చులు, అంటే జీతాలు, పరికరాల్లాంటి నేరుగా పరిశోధనకే అయ్యే ఖర్చులు, 5 లక్షల డాలర్లు గానీ అంతకు మించి గానీ అడుగుతుంటే, ఆ అప్లికేషన్‌ని తీసుకోవడానికి ఎన్ఐహెచ్‌లోని ఏదో ఒక సంస్థ ముందే ఒప్పుకోవాలి. పంపే తేదీకి కనీసం 6 వారాల ముందు వాళ్ళను సంప్రదించాలి. 5 లక్షల డాలర్లంటే మన డబ్బుల్లో 4 కోట్ల పైచిలుకు. మన జిల్లాల నుంచి వెళ్ళే అప్లికేషన్లు చాలావరకు ఆ గీతకు కిందే ఉంటాయి. కానీ ఖరీదైన మెషీన్ కొనాల్సి వచ్చినా, వేలమందిని ఏళ్ళ తరబడి ఫాలో అవ్వాల్సి వచ్చినా గీత దాటడానికి ఎంతో సేపు పట్టదు.

ఈ రూలు ఎందుకు పెట్టారు? అప్లికేషన్ బాగుంటే ఇస్తారు, లేకపోతే లేదు. మధ్యలో ఇదేంటి?

ఎన్ఐహెచ్ ఒకే ఆఫీసు కాదు. అందులో 27 సంస్థలు, కేంద్రాలు ఉన్నాయి. గుండె, ఊపిరితిత్తులకు ఒకటి, క్యాన్సర్‌కు ఒకటి, పర్యావరణ ఆరోగ్యానికి ఇంకొకటి. దేని బడ్జెట్ దానిదే, అమెరికా కాంగ్రెస్ విడివిడిగా కేటాయిస్తుంది. ఏడాదికి 5 లక్షల డాలర్ల చొప్పున ఐదేళ్ళు నడిచే గ్రాంటు ఒకటి వచ్చిందంటే, ఆ సంస్థ ఇవ్వగలిగిన చిన్న గ్రాంట్లు కొన్ని తగ్గిపోతాయి. అందుకని ముందే తెలియాలంటారు. పెళ్ళికి బస్సు మాట్లాడుకుని బంధువులందరితో దిగేవాళ్ళు వంటవాళ్ళకు ముందురోజైనా కబురు పెట్టాలి కదా, అలాగే.

ఇంకో కారణం కూడా ఉంది. అప్లికేషన్‌ని చదివి మార్కులు వేసేవాళ్ళు వేరు, డబ్బిచ్చే సంస్థ వేరు. ఏ సంస్థా భరించలేని అప్లికేషన్‌ని నిపుణుల ప్యానెల్ గంటలకొద్దీ చర్చించి మంచి స్కోరు ఇస్తే, ఆ శ్రమంతా వృథా. ఈ రూలు ఇప్పుడున్న రూపంలో 2002 జనవరి నుంచి అమల్లో ఉంది.

5 లక్షలు మొత్తం ప్రాజెక్టుకా, ఏడాదికా?

ఏడాదికి. ఐదేళ్ళ మొత్తం 24 లక్షల డాలర్లయినా, ఏ ఏడూ 5 లక్షలు తాకకపోతే అనుమతి అక్కర్లేదు. మొత్తం 12 లక్షలే అయినా, మొదటి ఏడాది మెషీన్ కొనడం వల్ల ఆ ఒక్క ఏడాది 5 లక్షలు తాకితే అనుమతి కావాలి.

జీతాల పెంపు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మొదటి ఏడాది 4,88,000 డాలర్లు వేసి, ఏడాదికి 3 శాతం చొప్పున పెంచారనుకుందాం. రెండో ఏడాది 5,02,640 అవుతుంది. గీత దాటిపోయింది. చాలామంది మొదటి ఏడాది షీటు ఒక్కటే చూసి "మనకు అక్కర్లేదు సార్" అనేస్తారు. ఎక్సెల్‌లో చివరి ఏడాది దాకా లాగి చూడందే ఆ మాట అనకూడదు.

డైరెక్ట్ ఖర్చుల్లో ఏమేం కలుస్తాయి?

ఎక్కువ గందరగోళం ఇక్కడే, కాబట్టి ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే.

గుంటూరులోని ఒక సంస్థ ప్రధాన దరఖాస్తుదారు. మొదటి ఏడాది సిబ్బంది జీతాలు 1,60,000 డాలర్లు. రక్తంలో పురుగుమందుల అవశేషాలు చూసే మెషీన్ 1,90,000. ఫీల్డ్ ఖర్చులు, అంటే వాహనాలు, సర్వే సిబ్బంది భత్యాలు, శాంపిళ్ళ కిట్లు, 70,000. అన్నీ కలిపితే 4,20,000. అమెరికాలోని భాగస్వామి యూనివర్సిటీకి సబ్ అవార్డు, అంటే మన గ్రాంటులోంచి ఇచ్చే వాటా, ఉంది. అందులో వాళ్ళ డైరెక్ట్ ఖర్చు 65,000, వాళ్ళ ఇన్‌డైరెక్ట్ ఖర్చు, అంటే భవనాలు, కరెంటు, ఆఫీసు లాంటి ఉమ్మడి ఖర్చు, 38,000.

బడ్జెట్ ఫారంలో డైరెక్ట్ ఖర్చుల మొత్తం 5,23,000 అని కనిపిస్తుంది. ఎందుకంటే భాగస్వామికి ఇచ్చేదంతా మన వైపు నుంచి డైరెక్ట్ ఖర్చు కిందే పడుతుంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. 5 లక్షల గీత కోసం లెక్క వేసేటప్పుడు భాగస్వామి ఇన్‌డైరెక్ట్ ఖర్చును తీసేయాలి. 38,000 తీసేస్తే 4,85,000. అనుమతి అక్కర్లేదు. కానీ అదే బడ్జెట్‌లో శాంపిళ్ళు దాచడానికి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు, జనరేటర్ కలిపి ఇంకో 20,000 చేర్చారా, 5,05,000. అనుమతి కావాలి. మన ఎండాకాలం కరెంటు కోతల సంగతి తెలిసినవాళ్ళు జనరేటర్ తీసేయమని చెప్పలేరు.

మీ సొంత సంస్థకు వచ్చే ఇన్‌డైరెక్ట్ ఖర్చు ఈ లెక్కలోకి రాదు. విదేశీ సంస్థలకు ఎన్ఐహెచ్ సాధారణంగా ఇచ్చేది 8 శాతం, అదీ పరికరాల ఖర్చు తీసేసిన మొత్తం మీద. డేటాను దాచి, పంచుకోవడానికయ్యే ఖర్చు మాత్రం డైరెక్ట్ ఖర్చే. 2023 జనవరి 25 నుంచి డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్ తప్పనిసరి అయ్యాక ఆ పద్దు ప్రతి బడ్జెట్‌లోనూ చేరుతోంది. గీత దగ్గర్లో ఉన్నవాళ్ళు దాన్ని మర్చిపోకండి.

అమెరికా సంస్థలకు ఏడాదికి 2,50,000 డాలర్ల లోపు అయితే వివరాలు లేకుండా మాడ్యూల్స్‌గా, అంటే గుండుగుత్త ముక్కలుగా, బడ్జెట్ వేసే వెసులుబాటు ఉంది. విదేశీ సంస్థలకు అది లేదు. మనం ఎంత చిన్న గ్రాంటు అడిగినా పద్దు పద్దుగా రాయాల్సిందే.

4,99,000 దగ్గర ఆపేస్తే ఈ తలనొప్పి ఉండదు కదా?

రూలు ప్రకారం తప్పేమీ కాదు. కానీ పని చేయడానికి నిజంగా 5,60,000 అవసరమై, 4,99,000కి కుదిస్తే కోత ఎక్కడ పడుతుందో చూడండి. నాకు కనిపించినంతవరకు మొదట పోయేది ఫీల్డ్ సిబ్బంది, తర్వాత డేటా మేనేజరు. మూడో ఏడాదికి ఫాలో అప్‌లో సగం మంది దొరకరు. రివ్యూ ప్యానెల్‌లో కూర్చునేవాళ్ళు కూడా ఇలాంటి పరిశోధన చేసినవాళ్ళే. ఈ డబ్బుతో ఈ పని అవుతుందా కాదా అన్నది వాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. అనుమతి అడగడానికి అయ్యే ఖర్చు ఒక ఈమెయిల్, ఒక ఫోన్ కాల్. దానికి భయపడి ప్రాజెక్టునే బక్కచిక్కించుకోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

తగ్గించగలిగింది నిజంగా ఉంటే తగ్గించండి. మెషీన్ రెండో ఏడాది కొన్నా పని ఆగదనుకుంటే అక్కడికి జరపండి. అది సర్దుబాటు, ఎవరూ తప్పుపట్టరు.

6 వారాలంటే సరిగ్గా ఎప్పుడు?

ఆర్01 అనే మామూలు పరిశోధన గ్రాంటు కొత్త అప్లికేషన్లకు మామూలు గడువులు ఫిబ్రవరి 5, జూన్ 5, అక్టోబరు 5. ఆరేసి వారాలు వెనక్కి లెక్కపెడితే డిసెంబరు 25, ఏప్రిల్ 24, ఆగస్టు 24 వస్తాయి.

మొదటి తేదీ చూడండి. క్రిస్మస్. అమెరికాలో డిసెంబరు మూడో వారం నుంచి జనవరి మొదటి వారం దాకా ఆఫీసుల్లో మనిషి దొరకడం కష్టం. వాళ్ళు తిరిగొచ్చేసరికి మనకు సంక్రాంతి. ఇక్కడ అకౌంట్స్ సెక్షన్ భోగి ముందురోజే ఖాళీ. కాబట్టి ఫిబ్రవరి గడువు పెట్టుకున్నవాళ్ళు కాగితం మీద డిసెంబరు 25 అని రాసున్నా, దీపావళి అయిన వెంటనే మొదటి ఈమెయిల్ పంపడం మంచిది. అక్టోబరు గడువైతే ఆగస్టు మొదట్లోనే పంపేయండి, వినాయక చవితి, దసరా రెండూ దారిలోనే ఉంటాయి.

6 వారాలన్నది ఆఖరి గడువు మాత్రమే. ఎన్ఐహెచ్‌లోని కొన్ని సంస్థలు అంతకన్నా ముందే అడుగుతాయి, సొంత ఫారాలు కూడా పెడతాయి. మీరు అనుకుంటున్న సంస్థ వెబ్‌సైటులో పెద్ద గ్రాంట్ల గురించి ఏం రాశారో ముందు చదవండి.

ఎవరిని అడగాలి?

ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని. ప్రతి సంస్థలో ఒక్కో విషయానికి ఒక్కో ప్రోగ్రామ్ ఆఫీసర్ ఉంటారు. ఎవరో కనుక్కోవడానికి ఎన్ఐహెచ్ రిపోర్టర్ అనే వెబ్‌సైటులో మ్యాచ్‌మేకర్ అనే టూల్ ఉంది. మీ పరిశోధన సారాంశాన్ని అందులో పేస్ట్ చేస్తే, అలాంటి పరిశోధనలకు ఇప్పటికే డబ్బిచ్చిన సంస్థలను, ఆ ప్రోగ్రామ్ ఆఫీసర్ల పేర్లను చూపిస్తుంది. పదిమంది సీనియర్లను అడిగినా తేలని సంగతి పది నిమిషాల్లో తేలుతుంది.

సరైన సంస్థను ఎంచుకోవడం అనుకున్నంత సులువు కాదు. ఉదాహరణకు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీలు, కాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ ఘాటు పీలుస్తారు కదా, వాళ్ళ ఊపిరితిత్తుల మీద పరిశోధన అనుకుందాం. ఊపిరితిత్తుల జబ్బు కాబట్టి గుండె, ఊపిరితిత్తులు, రక్తం చూసే సంస్థా? దుమ్ము, రసాయనాల ప్రభావం కాబట్టి నార్త్ కరోలినాలో ఉన్న పర్యావరణ ఆరోగ్య సంస్థా? వృత్తి ఆరోగ్యం అనగానే చాలామందికి అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ గుర్తొస్తుంది, కానీ అది అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాలు, అంటే సీడీసీ, కింద ఉంది, ఎన్ఐహెచ్‌లో భాగం కాదు. ఇలాంటప్పుడు ఇద్దరు ప్రోగ్రామ్ ఆఫీసర్లకూ రాయొచ్చు. ఇద్దరికీ రాస్తున్న సంగతి దాచకండి. వాళ్ళిద్దరూ మాట్లాడుకుని మీదెవరిదో తేల్చుకుంటారు.

ఈమెయిల్‌లో ఏం రాయాలి?

మన అలవాటు ప్రకారం "గౌరవనీయులైన" అని మొదలుపెట్టి రెండు పేరాల పాటు మన సంస్థ చరిత్ర రాస్తాం. వద్దు. ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి రోజూ ఇలాంటివి చాలా వస్తాయి. సబ్జెక్ట్ లైన్‌లోనే 5 లక్షల డాలర్లు దాటే అప్లికేషన్‌కి అనుమతి అడుగుతున్నామని, ఏ గడువుకు పంపుతామో రాయండి. మొదటి రెండు వాక్యాల్లో మీరెవరు, ఏం చేయబోతున్నారు అన్నది అయిపోవాలి.

తర్వాత ఒక పేజీ స్పెసిఫిక్ ఎయిమ్స్, అంటే పరిశోధన లక్ష్యాలు, జతచేయండి. ఏ ఏడాదికి ఎంత డైరెక్ట్ ఖర్చో చిన్న పట్టికలో ఇవ్వండి. ఎందుకంత ఖర్చవుతుందో నాలుగైదు వాక్యాలు చాలు. ఏ ఫండింగ్ ప్రకటన కింద పంపుతున్నారో దాని నంబరు రాయండి. మనుషుల మీద పరిశోధనా, క్లినికల్ ట్రయలా అన్నది చెప్పండి. ఆ ప్రకటనకు విదేశీ సంస్థలు అర్హులో కాదో మీరే ముందు చూసుకోండి. అన్ని ప్రకటనలూ మనకు వర్తించవు. అర్హత లేని ప్రకటన పట్టుకుని అనుమతి అడిగితే మొదటి అభిప్రాయమే చెడిపోతుంది.

ఫోన్‌లో మాట్లాడదామన్నారు. ఏం అడుగుతారు?

మంచి సంకేతమే. వాళ్ళకు ఉదయం 10 అంటే మనకు వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదున్నర. మార్చి నుంచి నవంబరు మొదటి వారం దాకా అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు, చూసుకుని టైం ఖాయం చేయండి.

అడిగేది ప్రధానంగా రెండు. ఇంత డబ్బు ఎందుకు, ఈ పని అమెరికాలో ఎందుకు చేయలేం. మొదటిదానికి అందరూ సిద్ధపడి వెళ్తారు. రెండోదానికి కాదు. విదేశీ సంస్థలు అప్లికేషన్‌తో పాటు ఒక సమర్థన పత్రం కూడా జతచేయాలి. అమెరికాలో దొరకని నైపుణ్యం గానీ, వనరులు గానీ, జనాభా గానీ, పర్యావరణ పరిస్థితులు గానీ ఇక్కడ ఏమున్నాయో అందులో చూపాలి. "భారతదేశంలో ఈ జబ్బు ఎక్కువ" అంటే చాలదు. మిర్చి యార్డు ఉదాహరణే తీసుకుంటే, సీజన్‌లో రోజుకు లక్షల టిక్కీలు వచ్చే ఒకే చోట, ఏళ్ళ తరబడి అదే పని చేసే కుటుంబాలు ఉన్నాయి. మిర్చి పనిలేని పక్క వాడల్లో పోల్చి చూడటానికి జనం ఉన్నారు. సీజన్ ముందు, సీజన్‌లో, తర్వాత మూడుసార్లు పరీక్షించే వీలుంది. ఇదీ జవాబు. అప్పుడు ఖర్చు ప్రశ్నకు కూడా సగం జవాబు దొరికినట్టే, ఎందుకంటే సీజన్ మూడు నాలుగు నెలల్లోనే సిబ్బందినంతా దింపాలి.

ఆ కాల్‌లో భాగస్వాములందరినీ కూర్చోబెట్టొద్దు. పీఐ (ప్రధాన పరిశోధకులు), బడ్జెట్ తెలిసిన ఒకరు, అంతే.

పది రోజులైనా జవాబు రాలేదు. మళ్ళీ రాస్తే బాగోదేమో?

రాయండి. మొహమాటం అక్కర్లేదు. పాత ఈమెయిల్ కిందే రెండు వాక్యాలు చాలు. అప్పటికీ రాకపోతే వెబ్‌సైటులో ఆ విభాగం లేదా బ్రాంచ్ చీఫ్ పేరు చూసి వాళ్ళకు రాయండి. మనుషులు సెలవులో ఉంటారు, బదిలీ అవుతారు. 2025లో ఎన్ఐహెచ్‌లో పెద్ద ఎత్తున ఉద్యోగాలు కూడా తగ్గించారు. ఏడాది కిందటి ప్రోగ్రామ్ ఆఫీసర్ ఇప్పుడు అక్కడే ఉన్నారో లేదో ముందు చూసుకోండి.

ఒప్పుకున్నారు. డబ్బు వచ్చినట్టేనా?

కాదు. వాళ్ళు ఒప్పుకున్నది అప్లికేషన్‌ని తీసుకోవడానికే. ఆ తర్వాత అందరితో పాటే రివ్యూ, స్కోరు, సలహా మండలి. ఫిబ్రవరిలో పంపితే రివ్యూ జూన్, జులైలో, మండలి ఆగస్టులోనో అక్టోబరులోనో. డబ్బు రావడం ఎంత తొందరగా అనుకున్నా సెప్టెంబరు, డిసెంబరు మాట. అనుమతి ఈమెయిల్ రాగానే డీన్ గదిలో స్వీట్లు పంచినవాళ్ళున్నారు. స్వీట్లకు అభ్యంతరం లేదు గానీ, ఆ ఈమెయిల్ చూపించి సంస్థ డబ్బుతో సిబ్బందిని ముందే తీసుకోవడం మాత్రం చేయకండి.

అడగకుండా పంపేస్తే ఏమవుతుంది?

రివ్యూకి వెళ్ళకుండానే వెనక్కి వస్తుంది. సిస్టమ్‌లో సబ్మిట్ అయింది, పచ్చ టిక్కు వచ్చింది అని మురిసిపోవద్దు. ఆ తర్వాత రిసీట్ అండ్ రెఫరల్ విభాగం చూసేటప్పుడు ఆపేస్తారు. తర్వాతి గడువు దాకా నాలుగు నెలలు ఆగాల్సిందే.

అనుమతి వచ్చిందని అప్లికేషన్‌లో ఎక్కడ చూపాలి?

కవర్ లెటర్‌లో. ఏ సంస్థ ఒప్పుకుందో, ఏ ప్రోగ్రామ్ ఆఫీసర్ ఒప్పుకున్నారో పేరుతో సహా రాయాలి. ఫోన్‌లో సరేనంటే సరిపోదు, ఈమెయిల్‌లో తీసుకోండి. కవర్ లెటర్ రివ్యూ చేసేవాళ్ళకు కనిపించదు, సిబ్బందికే కనిపిస్తుంది. కాబట్టి అందులో పొగడ్తలు అక్కర్లేదు.

మొదటిసారి రాలేదు. దిద్ది మళ్ళీ పంపుతున్నాం. పాత అనుమతి చెల్లుతుందా?

చెల్లదు, మళ్ళీ అడగాలి. సవరించి పంపే అప్లికేషన్‌కి, గ్రాంటు ముగిశాక పొడిగింపు కోసం పంపేదానికి కూడా ఇదే రూలు. వాటి గడువులు మార్చి 5, జులై 5, నవంబరు 5. సవరించిన అప్లికేషన్ మొదటిది పంపిన 37 నెలల లోపు వెళ్ళాలి. రివ్యూ చేసినవాళ్ళు "ఇంకో కంట్రోల్ గ్రూపు పెట్టండి" అన్నారని పెడితే, మొదట గీత కింద ఉన్న బడ్జెట్ ఇప్పుడు దాటొచ్చు. అది గమనించాలి.

ప్రత్యేకంగా అడిగి పిలిచే ప్రకటనలకు కూడా ఇదే వర్తిస్తుందా?

ఆర్ఎఫ్ఏ, అంటే ఫలానా అంశం మీద ప్రత్యేకంగా అప్లికేషన్లు పిలిచే ప్రకటన, కింద, లేదా బడ్జెట్ పరిమితి ప్రకటనలోనే రాసి ఉన్న వాటి కింద పంపేవాటికి సాధారణంగా వర్తించదు. వాటికి డబ్బు ముందే పక్కన పెట్టి ఉంటుంది. ప్రకటన పూర్తిగా చదవండి.

మేం నేరుగా కాదు, అమెరికా యూనివర్సిటీ అప్లై చేస్తోంది. మేం భాగస్వాములం. మాకేం పని?

అనుమతి అడగాల్సింది వాళ్ళు. కానీ మీ డైరెక్ట్ ఖర్చులు వాళ్ళ లెక్కలో కలుస్తాయి కాబట్టి, మీ బడ్జెట్ వాళ్ళకు త్వరగా ఇవ్వకపోతే వాళ్ళు 6 వారాల గడువు తప్పుతారు. "వారంలో పంపుతాం" అని నెల చేయడం మనవైపు మామూలే. దాంతో సంబంధాలు చెడతాయి.

ఇంకో ముఖ్యమైన మార్పు. అమెరికా సంస్థ ద్వారా విదేశీ సంస్థకు సబ్ అవార్డుగా డబ్బిచ్చే గ్రాంట్లను కొత్త పద్ధతి వచ్చేవరకు ఇవ్వబోమని ఎన్ఐహెచ్ 2025 మే 1న ప్రకటించింది. విదేశీ భాగస్వామి వాటాను ప్రధాన గ్రాంటుకు ముడిపెట్టిన వేరే అవార్డుగా నేరుగా ఇచ్చే పద్ధతివైపు వెళ్తోంది. అంటే రిజిస్ట్రేషన్లు, అకౌంట్ల బాధ్యత ఇక మన సంస్థ మీద నేరుగా పడుతుంది. పాత ప్రాజెక్టు ఫైలు చూసి కొత్త అప్లికేషన్ తయారుచేయకండి. ఏ ప్రకటన కింద, ఏ రూపంలో పంపాలో ఆ అమెరికా భాగస్వామితోనూ ప్రోగ్రామ్ ఆఫీసర్‌తోనూ తేల్చుకున్నాకే బడ్జెట్ మొదలుపెట్టండి.

మన దేశం వైపు నుంచి ఏ అనుమతులు కావాలి?

అసలు పని ఇక్కడ ఉంటుంది, కాస్త నింపాదిగా చదవండి.

విదేశీ సహకారంతో జరిగే ఆరోగ్య పరిశోధనకు కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కావాలి. అందరూ హెచ్ఎంఎస్‌సీ అంటారు. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, ద్వారా ఆన్‌లైన్‌లో పంపాలి. రక్తం, కణజాలం శాంపిళ్ళు దేశం దాటించే ఆలోచన ఉంటే అక్కడ ప్రశ్నలు ఎక్కువ వస్తాయి. నెలలు పట్టే పని. శాంపిళ్ళన్నీ ఇక్కడే పరీక్షించేలా ప్లాన్ చేసుకుంటే, ఆ మెషీన్ ఖర్చుకు ఇంకో సమర్థన దొరుకుతుంది, హెచ్ఎంఎస్‌సీ దగ్గర కూడా కాస్త తేలిక.

డబ్బు సంగతికొస్తే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. ట్రస్టు, సొసైటీ కింద నడిచే కాలేజీ, ఆసుపత్రి అయితే విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ ఉండాలి, లేదా ఆ ఒక్క గ్రాంటు కోసం హోం శాఖ నుంచి ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. డబ్బు వచ్చేది ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి అకౌంట్‌కే. 2020 సవరణ తర్వాత, వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయడం నిషేధం. బడ్జెట్ వేసేటప్పుడు చాలామంది పట్టించుకోనిది ఇదే. విజయవాడ ట్రస్టు ఆసుపత్రి ప్రధాన సంస్థగా ఉండి, గుంటూరులో ఇంకో ట్రస్టుకు సబ్ అవార్డు ఇస్తామని రాస్తే, ఎన్ఐహెచ్ ఒప్పుకున్నా ఇక్కడి చట్టం ఒప్పుకోదు. పరిపాలనా ఖర్చుల మీద 20 శాతం పరిమితి కూడా అదే సవరణలో వచ్చింది. చట్టం ద్వారా ఏర్పడి, కాగ్ ఆడిట్ తప్పనిసరిగా ఉండే యూనివర్సిటీలకు, సంస్థలకు మినహాయింపు నోటిఫికేషన్లు ఉన్నాయి. మీ సంస్థ వాటి కిందికి వస్తుందో లేదో ఫైనాన్స్ ఆఫీసర్ చేత రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఎథిక్స్ కమిటీ సంగతి మర్చిపోవద్దు. మన దగ్గర ఆరోగ్య పరిశోధన విభాగంలో రిజిస్టర్ అయి ఉండాలి. ఎన్ఐహెచ్ డబ్బుతో మనుషుల మీద పరిశోధన అయితే పరిశోధనలో పాల్గొనేవాళ్ళ రక్షణ రూల్స్ పాటిస్తామని అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే హామీ, ఫెడరల్‌వైడ్ అష్యూరెన్స్, అంటే ఎఫ్‌డబ్ల్యూఏ, కూడా కావాలి.

ఇవన్నీ వచ్చాకే ఎన్ఐహెచ్ అనుమతి అడగాలా?

అక్కర్లేదు. హెచ్ఎంఎస్‌సీ ఆమోదం పని మొదలయ్యేలోపు, ఎథిక్స్ ఆమోదం సాధారణంగా గ్రాంటు మంజూరయ్యేలోపు ఉండాలి, అప్లికేషన్ పంపేనాటికి కాదు. కానీ ఫోన్ కాల్‌లో "మీ దేశంలో ఏ క్లియరెన్సులు కావాలి, ఎన్నాళ్ళు పడుతుంది" అని అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి.

రిజిస్ట్రేషన్ల సంగతి?

సంస్థ పేరును అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లలో నమోదు చేయాలి: సామ్ డాట్ గవ్, దానికి ముందు విదేశీ సంస్థలకు ఇచ్చే ఎన్‌కేజ్ కోడ్, ఆ తర్వాత గ్రాంట్స్ డాట్ గవ్, ఎన్ఐహెచ్ అప్లికేషన్లు నడిచే ఈఆర్ఏ కామన్స్. 2022 ఏప్రిల్ నుంచి సంస్థ గుర్తింపుకు డన్స్ నంబరు బదులు యూఈఐ నంబరు వచ్చింది. వీటికే 6 వారాలు, ఒక్కోసారి ఎక్కువ పడుతుంది. సామ్ రిజిస్ట్రేషన్ ఏడాదికోసారి రెన్యువల్ చేయాలి. సంస్థ పేరు, అడ్రసు అన్ని చోట్లా ఒకే స్పెల్లింగ్‌లో ఉండాలి. ఒక కాగితంలో "గుంటూరు జిల్లా" అని, ఇంకో కాగితంలో మండలం పేరు మార్చి రాసి, జిల్లాల విభజన తర్వాత మూడో కాగితంలో ఇంకోలా రాస్తే అక్కడ ఆగిపోతుంది.

ఐసీఎంఆర్, ఏఎన్ఆర్ఎఫ్ గ్రాంట్లకు కూడా ఇలా ముందు అడగాలా?

5 లక్షల డాలర్ల లాంటి గీత పెట్టి ముందు అనుమతి తెమ్మనే పద్ధతి అక్కడ ఇలా ఉండదు. ప్రతి ప్రకటనలోనూ ఎంత వరకు ఇస్తారో ముందే రాస్తారు. కొన్నింటికి మొదట చిన్న కాన్సెప్ట్ నోట్ తీసుకుని, నచ్చితే పూర్తి ప్రతిపాదన అడుగుతారు. 2023 చట్టంతో వచ్చిన జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఏఎన్ఆర్ఎఫ్, కేంద్రం తరఫున సైన్స్ గ్రాంట్లిచ్చిన పాత బోర్డు ఎస్ఈఆర్‌బీ పనిని తీసుకుంది కాబట్టి పాత ఎస్ఈఆర్‌బీ మార్గదర్శకాలు పట్టుకుని కూర్చోకండి.

మా సంస్థలో ముందు ఎవరికి చెప్పాలి?

హెచ్ఓడీకి, డీన్‌కి చెప్పే ముందే గ్రాంట్స్ సెక్షన్‌కి చెప్పండి. ఈఆర్ఏ కామన్స్‌లో సైనింగ్ అఫీషియల్, అంటే సంస్థ తరఫున సంతకం చేసే అధికారి, ఎవరో వాళ్ళే అప్లికేషన్ పంపాలి, పీఐ పంపలేరు. ఆ సైనింగ్ అఫీషియల్ రిజిస్ట్రారో, డైరెక్టరో అయితే వాళ్ళ టూర్ ప్రోగ్రాం ముందే కనుక్కోండి. రిజిస్ట్రార్ గారు తిరుపతి వెళ్ళారు, పాస్‌వర్డ్ పీఏ దగ్గర లేదు అనే మాట గడువు రోజున వినడం కన్నా టెన్షన్ ఇంకోటి లేదు.

అనుమతి ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఫోన్ చేశారు. నమ్మొచ్చా?

ఈ అనుమతికి ఫీజు లేదు, ఏజెంటు లేడు. ప్రోగ్రామ్ ఆఫీసర్ మాట్లాడేది పరిశోధకుడితోనే. ఇంగ్లీషు దిద్దించుకోవడానికి, బడ్జెట్ ఫారాలు నింపించుకోవడానికి ఎవరికైనా డబ్బిస్తే అది మీ ఇష్టం.

చివరి రోజు టైం అమెరికాదా, మనదా?

దరఖాస్తు చేసే సంస్థ ఉన్న చోటి సాయంత్రం 5 గంటలు. మీ సంస్థే నేరుగా పంపుతుంటే మన టైం ప్రకారం సాయంత్రం 5. తూర్పు అమెరికాలోని యూనివర్సిటీ పంపుతుంటే వాళ్ళ 5, అంటే ఫిబ్రవరిలో మనకు మర్నాడు తెల్లవారుజామున మూడున్నర, జూన్‌లో రెండున్నర. గడువు శని, ఆదివారాల్లో గానీ అమెరికా ఫెడరల్ సెలవు రోజున గానీ పడితే తర్వాతి పనిదినానికి జరుగుతుంది. మన పండగ సెలవులకు జరగదు. తప్పులు చూపిస్తే దిద్ది మళ్ళీ పంపడానికి కూడా ఆ టైంలోపే అవకాశం, కాబట్టి రెండు రోజుల ముందే సబ్మిట్ చేయించండి.